అరువు గొంతు

సరిగ్గా పాలు పొంగే వేళకే ఆ ప్రశ్న పడింది. "మీ నటన మీద ఎవరి ప్రభావం ఉందండీ?" అని పత్రిక నుంచి వచ్చిన అమ్మాయి అడిగింది. జవాబు చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. వంటింట్లోంచి పాలు బుస్సుమన్న చప్పుడు వినిపించింది. "ఒక్క నిమిషం తల్లీ" అని లేచి వెళ్ళి, స్టవ్ కట్టేసి, ఒలికిపోయినదాన్ని తుడిచి, మూడు కప్పుల కాఫీ కలిపి, ఆ పిల్లకి తీపి ఎంత కావాలో అడగనే లేదే అనుకుని చక్కెర గిన్నె కూడా పళ్ళెంలో పెట్టుకుని ముందు గదిలోకి వచ్చేసరికి, ఆమె ముప్పై నాలుగేళ్ళ నటనకు గురువులు తయారైపోయి ఉన్నారు. మొత్తం ఐదుగురు. ఐదుగురూ మగవాళ్ళే. ముగ్గురు దర్శకులు, ఒక కెమెరామన్, ఐదో మనిషి సోఫాలో మొహమాటంగా చేతులు నలుపుకుంటూ కూర్చున్న ఆమె భర్త.

"నా గురించి రాయక్కర్లేదులేమ్మా" అంటున్నాడాయన. "కాకపోతే నిజం నిజమే కదా. స్టేజీ మీద గావుకేకలు పెట్టుకునే పిల్లని తీసుకొచ్చి కెమెరా ముందు నిలబెట్టింది నేనే. ఏం, అవునా కాదా?"

అవునన్నట్టు ఆమె తలూపింది.

సినిమా కంపెనీలో ప్రొడక్షన్ మేనేజరు ఉద్యోగం మానేసి పన్నెండేళ్ళయినా ఆయన్ని లోకమంతా ఇంకా మేనేజరుగారనే అంటుంది. ఆమె కూడా అదే అంటుంది. ఆయన్ని చెడ్డవాడనడానికి లేదు. చెయ్యెత్తి ఎరగడు, తాగి ఎరగడు, పెళ్ళాం సంపాదన తింటున్నాడని ఎవరైనా నవ్వితే తనూ కలిసి నవ్వేస్తాడు. ఆమె మాట్లాడాల్సిన చోటల్లా తనే మాట్లాడేసి ఆమెకు శ్రమ తప్పించడం ఒక్కటే ఆయనకున్న అలవాటు. కథ వినేది ఆయన, డేట్లు ఇచ్చేది ఆయన. ఆమె ఫోన్ కూడా ఆయన చొక్కా జేబులోనే ఉంటుంది. కూరలో ఉప్పు ఎంత వెయ్యాలో తప్ప మిగతావన్నీ ఆయనకే బాగా తెలుసు.

"మీరు కూడా చెప్పండి మేడమ్" అంది ఆ అమ్మాయి, కలం ఆపి.

"ఆయన చెప్పారుగా" అంది ఆమె, కప్పు అందిస్తూ. ఆమె జీవితంలో అన్నిటికంటే ఎక్కువ టేకులు తిన్న డైలాగు ఇదే.

కానీ ఆ పిల్ల తలవంచుకుని రాసుకుంటున్నంతసేపూ ఆమె మనసులో వేరే జాబితా నడిచింది. ఎవరైనా తీరిగ్గా కూర్చోబెట్టి అడిగితే మొట్టమొదట పిన్ని గురించి చెప్పేది. తల్లి పోయాక ఆమెను పెంచిన పిన్ని బట్టలు కుట్టే కొట్టు నడిపేది. నోట్లో వరసగా గుండుసూదులు పెట్టుకుని కొలతలు తీస్తూ, బట్ట పాడుచేశావని నానా మాటలూ అనేవాళ్ళకి ఆ సూదుల సందులోంచే నవ్వుతూ జవాబు చెప్పేది. పెదాలు నవ్వేవి, దవడ మాత్రం బిగిసి ఉండేది. కోడలి చేత మాటపడి కూడా నవ్వే తల్లి వేషానికి ఆమెకు బహుమతి వచ్చినప్పుడు ఆ నవ్వు గురించి పేపర్లలో పేరాలకు పేరాలు రాశారు. అది పిన్ని నవ్వు. సూదులు లేవు, అంతే తేడా. రెండో గురువు అత్తగారు. ఆమె మొదటి సినిమా నాటికే ఆవిడ పక్షవాతంతో మంచం పట్టింది, పదకొండేళ్ళు మంచంలోనే ఉంది. మాట పడిపోయింది గానీ ఎడమ కనుబొమ్మ మిగిలింది. కాఫీలో చక్కెర తక్కువైందని, దుప్పటి మార్చమని, నువ్వు ఆలస్యంగా వచ్చావని, మా అబ్బాయి చిక్కిపోయాడని ఆ ఒక్క కనుబొమ్మతోనే చెప్పేది. తర్వాతెప్పుడో ఒక పెద్దాయన 'కనుబొమ్మతో కావ్యం పలికించిన నటి' అని వ్యాసం రాస్తే, ఆమె బాత్రూంలో దూరి తలుపేసుకుని కడుపు పట్టుకుని నవ్వింది. ఇక మేకప్ వేసే పెద్దావిడ ఒకతె ఉండేది. ఏడుపు రాక తంటాలు పడుతున్న రోజున చెవిలో చెప్పింది: "కళ్ళలో వెతుక్కుంటావేంటే పిచ్చిదానా, ఏడుపు మెడలో ఉంటుంది. మెడ పట్టుకో, కళ్ళనీళ్ళు వాటంతటవే వస్తాయి." అంతకన్నా పెద్ద పాఠం ఆమెకు ఏ దర్శకుడూ చెప్పలేదు. వాళ్ళు చెప్పిందల్లా "అమ్మా, ఇంకొంచెం ఏడవాలి" అనే.

"ఇంకొక్కటే ప్రశ్న మేడమ్" అంది అమ్మాయి. "ఇన్ని సినిమాల్లో మీ పాత్రలకి మీ గొంతు మీరెందుకు చెప్పుకోలేదు?"

"గొంతు తెరకి పనికిరాదమ్మా, కీచు" అన్నాడు మేనేజరు, కాఫీ చప్పరిస్తూ. "మనిషి ముఖం బంగారం. గొంతే కాస్త... అన్నీ ఒకరికే ఇస్తాడా దేవుడు!"

చిన్నప్పుడు పిన్ని ఆమెను గంట అని పిలిచేది. సందు చివర నిలబడి "పిన్నీ" అంటే ఈ చివర కొట్లో కుట్టు మెషీన్ ఆగేది. కాలేజీ నాటకాల్లో మైకు చెడిపోయిన రోజున కూడా చివరి వరస దాకా ఆమె మాట ఆమెతోనే వెళ్ళేది. మొదటి సినిమా షూటింగ్ అయిపోయాక ఒక సాయంత్రం మేనేజరు ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ, చాలా ఓదార్పుగా అన్నాడు: "డైరెక్టర్‌కి నీ గొంతు నచ్చలేదే. కీచుగా ఉందంటున్నాడు. ఇంకెవరిచేతో చెప్పిస్తారట. బాధపడకు, పెద్ద పెద్ద వాళ్ళకే అరువు గొంతులు." ఆమె బాధపడలేదని చెప్పింది. ఆ మర్నాటి నుంచి ఇంట్లో కూడా మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టింది. దుకాణంలో బేరమాడటానికి సిగ్గుపడింది. కూతురు పుట్టాక జోల పాడబోయి, పక్కవాళ్ళు వింటారేమోనని, పెదాలతోనే పాడింది. ఆ పిల్ల ఇప్పుడు పెళ్ళయి వేరే ఊళ్ళో ఉంటోంది. ఫోన్ చేస్తే "అమ్మా, కొంచెం గట్టిగా మాట్లాడు, వినపడట్లేదు" అని ఇప్పటికీ విసుక్కుంటుంది.

ఈ గొంతు గొడవ ఆ వారమే మళ్ళీ లేవడానికి కారణముంది. పోయిన శనివారం ఒక కొత్త దర్శకురాలు మేనేజరుకు ఫోన్ చేసింది. యాభై ఎనిమిదేళ్ళ ఆడమనిషి చుట్టూ తిరిగే కథ. తల్లి వేషం కాదు. కొడుకులే లేరు అందులో. ఒక ఆడమనిషి రిటైరైన తర్వాత ఒంటరిగా బస్సు నడపడం నేర్చుకుంటుంది. నలభై రోజులు వేరే ఊళ్ళో షూటింగ్. మాట అక్కడికక్కడే రికార్డు చేస్తారట, డబ్బింగ్ ఉండదట, సొంత గొంతే కావాలట. "కుదరదమ్మా" అన్నాడు మేనేజరు. "గొంతు వేరేవాళ్ళ చేత చెప్పించుకుంటానంటే చూద్దాం. లేకపోతే ఈ వయసులో జనం నవ్వులపాలు కాలేం." ఆ పిల్ల శుక్రవారం దాకా ఆలోచించుకోమని చెప్పి స్క్రిప్టు పంపించింది. మేనేజరు దాన్ని టీవీ కింద సొరుగులో పెట్టేశాడు. ఆమె ఆయన కునుకు తీసే వేళల్లో తీసి చదివింది. మూడుసార్లు చదివింది. ముప్పై నాలుగేళ్ళలో ఇరవై ఎనిమిది మంది కొడుకులకు తల్లయిన మనిషి, అందులో పదకొండు మంది తనకన్నా వయసులో పెద్దవాళ్ళయిన మనిషి, ఒక పాత్రను ఇంతలా కావాలనుకోవడం ఇదే మొదలు. కావాలనుకుని, ఆ గొంతు సంగతి గుర్తొచ్చి, మళ్ళీ సొరుగులో పెట్టేసింది.

పత్రిక అమ్మాయిని సాగనంపడానికి లిఫ్ట్ దాకా వెళ్ళింది. లిఫ్ట్ వచ్చేలోపు ఆ అమ్మాయి గొంతు తగ్గించి అంది: "మేడమ్, మీకు డబ్బింగ్ చెప్పినావిడని కూడా నిన్న కలిశాను. మిమ్మల్ని ఒక మాట అడగమన్నారు. నాకైతే అర్థం కాలేదు. దుప్పట్లు ఆరాయా అని అడగమన్నారు."

ఆవిడ ఎక్కడ దొరుకుతుందో రాసిమ్మని ఆమె చెయ్యి చాచింది.

ఆ దుప్పట్ల సంగతి లోకంలో తనకు తప్ప ఇంకెవరికీ తెలియదని ఆమె ఇరవై ఐదేళ్ళుగా నమ్ముతోంది. ఆమెకు అన్నిటికన్నా పేరు తెచ్చిన సన్నివేశమది. కొడుకును పోలీసులు రైలెక్కించి తీసుకుపోతుంటే వానలో తల్లి రైలు వెంట పరుగెత్తుతుంది. మాటలు లేవు. పైన సంగీతం వేస్తారు. "ఏదో ఒకటి మాట్లాడుతూ పరుగెత్తమ్మా, పెదాలు కదిలితే చాలు" అన్నాడు దర్శకుడు. గొట్టాలతో పోస్తున్న నకిలీ వానలో నిలబడి పైకి చూస్తే అసలు మబ్బు కూడా పట్టి ఉంది. పొద్దున నాలుగింటికి లేచి అత్తగారి దుప్పట్లు ఉతికి డాబా మీద ఆరేసి వచ్చింది. కెమెరా తిరిగింది. రైలు కదిలింది. ఆమె పరుగెత్తుతూ, రెండు చేతులూ చాచి, గుండెలు పగిలేలా అరిచింది: "దుప్పట్లు తడిసిపోతున్నాయి! ఇంట్లో ఎవరూ తియ్యరు! మళ్ళీ నాలుగింటికి లేచి నేనే ఉతకాలి! ఒక్కరోజు... నన్నెవరూ పిలవకుండా ఒక్కరోజు పడుకోనివ్వండి!" సెట్లో కెమెరా గోల, వాన గోల, రైలు గోల. ఎవరికీ వినపడలేదు. థియేటర్లలో జనం వెక్కివెక్కి ఏడ్చారు. ఆ తర్వాత అలాంటి మాటల్లేని షాటు వచ్చినప్పుడల్లా ఆమె తన మాటలే మాట్లాడేది. గ్యాసు అయిపోవచ్చిందని చెప్పింది. మేనేజరు నలుగురిలో 'మా ఆవిడకి ఏం తెలుసు' అన్నాడని చెప్పింది. నడుం నొప్పి గురించి చెప్పింది. ఎలాగూ గాలిలో కలిసిపోయే మాటలే కదా అనుకుంది.

మర్నాడు పొద్దున పన్ను సలుపుతోందని చెప్పి ఇంట్లోంచి బయటపడింది. దవడ మీద చెయ్యి వేసుకుని మరీ చెప్పింది. మేనేజరు నమ్మాడు. అంత బాగా నటించినందుకు ఆమెకే జాలేసింది. సంచిలో స్క్రిప్టు ఉంది. అదెందుకు తెచ్చుకుందో ఆమెకే సరిగ్గా తెలియదు.

పత్రిక అమ్మాయి ఇచ్చిన చిరునామా ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోది. మందుల షాపు పైన, ఇరుకు మెట్లెక్కితే రెండే గదులు, మధ్యన అద్దం. గోడలకు కొట్టిన నురుగు దిళ్ళు అక్కడక్కడా ఊడి వేలాడుతున్నాయి. అద్దం అవతల ఒక నెరిసిన జుట్టు మనిషి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మైకు ముందు మడమల మీద ఎగురుతూ, చిన్నపిల్లల కార్టూన్‌లో ఉడుతకు మాటలు చెబుతోంది. "నా గింజలు నాకిచ్చెయ్! దొంగెలుకా!" అని అరిచి, ఊపిరి పీల్చుకుని, అద్దంలోంచి ఆమెను చూసి ఆగిపోయింది.

బయటికొచ్చి ముందుగా ఆమె పెదాల వైపు చూసింది. "వచ్చావా" అంది. "నిన్ను మీరూ గీరూ అనడం నా వల్ల కాదమ్మాయ్. ముప్పైయేళ్ళు నీ నోట్లో కాపురమున్నదాన్ని."

ఆ గొంతు వినగానే ఈసారి ఆమె ఆవిడ పెదాలు చూసింది. అది తన గొంతు. లోకమంతా ఆమెదనుకుంటున్న గొంతు. ఆ గొంతే ఇప్పుడు ఎదురుగా నిలబడి టీ తాగుతావా అని అడుగుతోంది.

మెట్ల కింద టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నారు. "నా మాటలు మీకెలా తెలిశాయి?" అని అడిగింది ఆమె.

"ఎలా ఏంటి! షూటింగ్‌లో మీ నటులు మాట్లాడిందంతా, బాగున్నా బాగోకపోయినా, ఒక టేపు మీద ఎక్కుతుంది. పైలట్ ట్రాక్ అంటారు. తర్వాత మేము దాన్ని చెవుల్లో పెట్టుకుని, తెర మీద నీ పెదాలు చూస్తూ చెబుతాం. మాటల్లేని షాట్లు నేను వినక్కర్లేదు. రీలు తిరుగుతుంది కదా, విన్నాను. మొదటిసారి ఆ దుప్పట్ల గోల విని నవ్వాను. రెండోసారి వేశారు. నవ్వు రాలేదు. హెడ్‌ఫోన్లు తీసి బయటికెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను. ఆ పొద్దున నేనూ నాలుగింటికే లేచాను మరి." ఆవిడ గ్లాసు తిప్పుతూ కూర్చుంది. "తర్వాత నీ సినిమా ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని. ఈసారి ఏం చెబుతుందో అని. మా ఆయన పోయాక ఒక ఏడాది నాతో సరిగ్గా మాట్లాడిన మనిషివి నువ్వే. ఆయన ఉన్నప్పుడు మాత్రం ఏముందిలే, ఇంటికి చుట్టాలొస్తే 'ఆ సినిమాలో ఏడుపు ఒకసారి ఏడ్చి వినిపించవే' అనేవాడు. ఏడ్చి వినిపించేదాన్ని. వాళ్ళు కాఫీలు తాగుతూ భలే భలే అనేవాళ్ళు. తెర మీద నా పేరు ఎక్కడా ఉండదుగా, ఆయనకదొక్కటే గొప్ప."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "నా కీచు గొంతు విని విసుక్కోకుండా ఇన్నాళ్ళు భరించారు" అంది.

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "కీచు గొంతా? ఎవరన్నారు?"

"మొదటి సినిమా డైరెక్టర్ అన్నాడట. మావారు చెప్పారు."

ఆవిడ రోడ్డు వైపు తిరిగింది. పక్కన మందుల షాపు వాడు అట్టపెట్టెలు చింపుతున్నాడు. "నాకు చెప్పింది వేరు" అంది. "ఆ డైరెక్టరే నన్ను పిలిచి చెప్పాడు. 'ఈ పిల్ల గొంతు నాకు బ్రహ్మాండంగా ఉంది, దీని చేతే చెప్పిద్దామనుకున్నాను. వాళ్ళాయన ఒప్పుకోవట్లేదు. డబ్బింగంటే మళ్ళీ వారం రోజులు రికార్డింగ్ థియేటర్లో ఉండాలి, ఇంట్లో వాళ్ళమ్మ మంచంలో ఉంది, చూసుకునే దిక్కులేదు అంటున్నాడు. నువ్వు కాస్త ఆ గొంతుకి దగ్గరగా చెప్పమ్మా' అన్నాడు. నేను నీ పైలట్ ట్రాక్ పది రోజులు విని, నీలాగా పలకడం నేర్చుకున్నాను. జనం మెచ్చుకున్నది నువ్వు పలికిన తీరునే, అమ్మాయ్. గొంతొక్కటే నాది."

టీ చల్లారిపోయింది. ఆమెకు ముందు కోపం రాలేదు, లెక్క గుర్తొచ్చింది. సినిమాకు వారం రోజులు. ఆ వారం రోజుల వంట, ఆ వారం రోజుల దుప్పట్లు. దానికోసం ఒక మనిషి గొంతే తీసి పక్కన పెట్టారు. అబద్ధం కూడా ఎంత ఓదార్పుగా, చెప్పులు విప్పుతూ చెప్పాడు! ఆ తర్వాత కోపం వచ్చింది. వచ్చిన కోపం ముందుగా ఎదురుగా ఉన్న మనిషి మీదికే పోయింది.

"తెలిసీ మీరు నాకెందుకు చెప్పలేదు? ముప్పై ఏళ్ళు!"

"చెబితే నువ్వొచ్చి నీ గొంతు చెప్పుకుంటావు. నా ఇల్లెలా గడుస్తుంది?" ఆవిడ తప్పించుకోలేదు. "నువ్వు నోరు మూసుకున్నన్నాళ్ళూ నా పొయ్యి వెలిగింది. తప్పే. అప్పుడూ తెలుసు తప్పని. ఆ కొత్త డైరెక్టర్ పిల్ల మొన్న నా దగ్గరికొచ్చి, మేనేజరుగారు డబ్బింగ్ అయితేనే ఒప్పుకుంటున్నారు, మీరు చెబుతారా అని అడిగింది. చెప్పనన్నాను. ఎందుకంటే ఆ పిల్ల ఏమందో తెలుసా? ఆ రైలు సీను చిన్నప్పటి నుంచీ యాభైసార్లు చూసిందట. ఆవిడ ఏం మాట్లాడుతోందో ఒక్కసారి వినాలనే సినిమాల్లోకి వచ్చానంది. నాకు సిగ్గేసింది. అందుకే నీకు కబురు పెట్టాను."

ఆమె క్షమించానని అనలేదు. అనాలనిపించలేదు కూడా. ఇద్దరూ టీ గ్లాసులు తిరిగిచ్చేశారు. మెట్ల దగ్గర ఆవిడ ఆమె సంచిలోంచి తొంగిచూస్తున్న స్క్రిప్టు వైపు చూసి, "ఆ పిల్ల రాసిందేనా? సౌండు చూసే అతను భోజనానికి వెళ్ళడానికి ఇంకా పావుగంట ఉంది. పైకి రా" అంది.

ముప్పై నాలుగేళ్ళుగా సినిమాల్లో ఉన్న మనిషి రికార్డింగ్ మైకు ముందు నిలబడటం అదే మొదటిసారి. హెడ్‌ఫోన్లు తలకు వదులయ్యాయి. తన ఊపిరి తనకే చెవుల్లో పెద్దగా వినిపించి భయపడింది. కాగితం వణుకుతుంటే ఆ చప్పుడు కూడా రికార్డవుతోందని ఆవిడ వచ్చి కాగితాన్ని స్టాండు మీద పెట్టి, క్లిప్పు బిగించి, అద్దం అవతలికి పోయింది. కథలో ఆ ఆడమనిషి మొదటిసారి బస్సు స్టార్ట్ చేసి, ఖాళీ సీట్లతో మాట్లాడే సన్నివేశం. ఆమె మొదలుపెట్టింది. మొదటి వాక్యం ఇంట్లో మాట్లాడే గొంతుతో, పక్కవాళ్ళకు వినపడని గొంతుతో వచ్చింది. ఆగింది. పిన్ని కొట్టు గుర్తొచ్చింది. ఆ సందు పొడవు గుర్తొచ్చింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి సౌండు చూసే అతను ఉలిక్కిపడి, ముందుకు వంగి, ఏదో మీట తగ్గించాడు. తర్వాత వెనక్కి వాలి, చేతులు కట్టుకుని, సినిమా చూసేవాడిలా వినడం మొదలుపెట్టాడు.

అయ్యాక అతను స్పీకర్లో వేసి వినిపించాడు. గదంతా నిండిన ఆ గొంతులో వయసు జీర ఉంది, కింద ఎక్కడో కంచు ఉంది, ఒక చోట మాట తడబడింది కూడా. కీచు మాత్రం ఎక్కడా లేదు. ఎంత వెతుక్కున్నా లేదు.

"మేడమ్, ఇన్నాళ్ళూ ఏ స్టూడియోలో చెప్పేవారు? మిమ్మల్నెప్పుడూ మైకు దగ్గర చూడలేదే" అన్నాడతను.

అద్దం దగ్గర డబ్బింగావిడ కళ్ళు తుడుచుకుంటూ ఉడుత గొంతుతో "ఇంట్లో చెప్పేవారు నాయనా, ఇంట్లో!" అంది. ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో ఆమెకు ఆవిడ మీద కోపం కొంచెం తగ్గింది. అంతా పోలేదు గానీ, తగ్గింది.

ఇంటికొచ్చేసరికి మేనేజరు భోజనం కోసం ఎదురు చూస్తున్నాడు. అన్నీ వండి మూతలు పెట్టే వెళ్ళింది. వడ్డించుకోవడమే మిగిలింది. "పన్ను పీకాడా?" అని అడిగాడు. "లేదు" అంటూ ఆమె వడ్డించింది. తను కూడా ఎదురుగా కూర్చుంది. ఆయన తినడం అయ్యేదాకా ఆగడం ఆమె అలవాటు. ఈరోజు ఆగలేదు.

"నా మొదటి సినిమాకి డబ్బింగ్ నన్ను చెప్పుకోనివ్వకపోవడానికి కారణం నా గొంతు కాదట. మీ అమ్మగారిని చూసుకునే మనిషి లేదని మీరే వద్దన్నారట. డైరెక్టరే చెప్పాడట."

ఆయన ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. కనుబొమ్మలు ముడిచి, చాలా వెనక్కి వెళ్ళి వెతికాడు. "నేనా? అలా అన్నానా?" అన్నాడు. "ఏమో మరి. అమ్మకి బాగోలేని రోజులు కదా, అనే ఉంటాను. ఎప్పటి మాటో. అయినా నీ గొంతు కీచే కదే, అందరికీ తెలిసిందేగా."

ఆమె ఆయన ముఖంలో దొంగతనం వెతికింది. దొరకలేదు. ఆ మనిషి నిజంగానే మరిచిపోయాడు. పైపెచ్చు తన అబద్ధాన్ని తనే నమ్మేశాడు. ఆడినవాడికి అది ఒక సాయంత్రం అవసరం, తీరిపోయింది. నమ్మిన మనిషి మాత్రం దాన్ని బిడ్డ ఊయల దాకా మోసుకెళ్ళింది. కాళ్ళ మీద పడి ఏడ్చి ఉంటే, లేదా బుకాయించి ఉంటే, ఆమె ఏదో ఒకటి అనేది. మరిచిపోయిన మనిషితో ఏం పోట్లాడుతుంది? ఆమెకు ఆ క్షణంలో ఒక సంగతి మాత్రం తేటగా అర్థమైంది. ఆయన ఒప్పుకునేదాకా ఆగితే ఇంకో ముప్పై నాలుగేళ్ళు ఆగాలి. అందుకని ఆయన ఒప్పుకోవాల్సిన పని లేకుండా చేసుకోవాలి. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, టీవీ కింద సొరుగు పక్కనుంచి నడుచుకుంటూ పోయి, సంచిలో ఉన్న స్క్రిప్టుని మంచం పక్కన అందరికీ కనపడేలా పెట్టుకుంది.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి ఫోన్ మోగింది. మేనేజరు బాత్రూంలో గడ్డం గీసుకుంటున్నాడు. చొక్కా కుర్చీకి తగిలించి ఉంది, ఫోన్ జేబులో మోగుతోంది. ఆమె జేబులోంచి తీసింది.

"హలో, మేనేజరుగారున్నారాండీ?"

"గడ్డం గీసుకుంటున్నారు. నాతో చెప్పమ్మా."

"పరవాలేదండీ, వచ్చాక చేస్తాను. మేడమ్ గారి సినిమా విషయం, ఆయనతోనే మాట్లాడాలి. మీరు వాళ్ళింట్లో పనిచేస్తారా?"

ఆమెకు నవ్వొచ్చింది. "ఆఁ, నలభై ఏళ్ళకి దగ్గర పడింది, ఇక్కడే చేస్తున్నాను" అంది. "నేనే తల్లీ. నీ బస్సు నడిపేదాన్ని."

అవతల ఆ పిల్ల చాలా మెల్లగా, "ఇదేనా మేడమ్ మీ గొంతు?" అంది.

"ఇదే. పనికొస్తుందా?"

"ఇంకోసారి మాట్లాడండి. ప్లీజ్. ఏదైనా."

"నలభై రోజులూ నేను వస్తున్నాను. మాటలు నేనే చెప్పుకుంటాను. ఇకమీద ఏదైనా ఉంటే నాతోనే మాట్లాడు. నాకోసం వేరే నంబరు తీసుకుంటాను, సాయంత్రానికి పంపిస్తాను." ఆమె గొంతు తగ్గించుకోలేదు. వంటింటి దాకా, బాత్రూం దాకా, పక్క ఫ్లాటు దాకా వినపడింది. పక్క ఫ్లాటులో ఎవరో టీవీ సౌండ్ తగ్గించారు.

బాత్రూం తలుపు తెరుచుకుంది. మేనేజరు ఒక చెంపకు నురగతో, చేతిలో రేజరుతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఫోన్ ఆమె చెవి దగ్గర చూశాడు. మంచం పక్కన స్క్రిప్టు చూశాడు. గొంతు గురించి గానీ, జనం నవ్వడం గురించి గానీ ఈసారి ఒక్క మాటా అనలేదు. బహుశా వాటిని వెతుక్కునే వ్యవధి దొరకలేదు. ఆ కంగారులో ఆయన నోటి నుంచి ముప్పై నాలుగేళ్ళ నాటి అసలు మాట ఉన్నదున్నట్టు వచ్చేసింది.

"నలభై రోజులా? మరి ఇంట్లో ఎవరు చూసుకుంటారే?"

"ఆ మాట అప్పుడే నన్నే అడిగుంటే బాగుండేదండీ" అంది ఆమె. "మీరే చూసుకుంటారని అప్పుడే చెప్పేదాన్ని."